తువ్వాలు కింది మాట

మా సంతలో గేదె ధర నోటితో చెప్పరు. కొనేవాడి చెయ్యి, అమ్మేవాడి చెయ్యి కలుస్తాయి. వాటి కింద దళారి చెయ్యి ఉంటుంది. పైన తువ్వాలు కప్పుతారు. లోపల వేళ్ళు మాట్లాడుకుంటాయి. వేలు పట్టుకుంటే ఒక మాట, కణుపు నొక్కితే ఒక మాట, పిడికిలి మూస్తే ఇంకో మాట. చుట్టూ జనం ముసిరి నిలబడ్డా లోపలేం జరుగుతుందో ఎవరికీ తెలియదు. దళారికి తెలుస్తుంది గానీ వాడు చెప్పకూడదు. ఇద్దరూ ఒకే మాట మీద నొక్కితే తువ్వాలు తీస్తాడు. తీశాక మాట తిరగదు.

గుండ్లవాగు సంతలో ఆ తువ్వాలు నాది. అంతకుముందు మా నాయనది.

బక్రీదుకి ఇంటికొచ్చిన మా మనవరాలు నస్రీన్, ఆ తువ్వాలు కిందికి ఒక ఉంగరం పంపిస్తానన్నది.

నస్రీన్ మా అమ్మాయి కూతురు. హైదరాబాదులో ఎమ్మెస్సీ చదువుతున్నది. లెక్కలతో చేసే ఆర్థికశాస్త్రం, ఫైనాన్సు అని చెప్పింది.

"అంటే బ్యాంకులో ఉద్యోగమా?" అన్నాను.

"ఉద్యోగం కోసం చదివేది వేరే ఉంది తాతా. ఇది పరిశోధన. ఒక ఏడాది పాఠాలు. తర్వాత ఎవరికీ తెలియంది ఒకటి కనిపెట్టి రాయాలి."

"కనిపెట్టకపోతే?"

"పట్టా ఇవ్వరు."

"కనిపెట్టింది ఎవరికీ పనికిరాకపోతే?"

"అప్పుడు ఇస్తారు."

"అయితే మంచి చదువే" అన్నాను. నవ్వింది. ఆ నవ్వు ఆ ఏడాదిలో చివరిదని చెప్పను. తర్వాత కూడా నవ్వింది గానీ ఇంత తేలిగ్గా నవ్వలేదు.

ఆమె కనిపెట్టాలనుకున్నది ఇది. అమ్మేవాడికి లోపల ఒక అడుగు ధర ఉంటుంది. అంతకు తగ్గితే ఇవ్వడు, అక్కడికొస్తే ఇచ్చేస్తాడు. దాన్ని ఎవరికీ చెప్పడు. చాలాసార్లు వాడికే సరిగ్గా తెలియదు. చేతికి మాత్రం ముందే తెలుస్తుందని నస్రీన్ నమ్మకం. నాడి కొట్టుకునే తీరు, చెమట, నరం బిగుసుకోవడం, అన్నీ ఉంగరంతో కొలిచి ఒక సమీకరణంలో వేస్తే ఆ అంకె బయటికొస్తుందట. కాలేజీలో తోటి పిల్లల్ని కూర్చోబెట్టి గొడుగులు, టీ కప్పులు బేరమాడించింది. అంకె కుదరలేదు. వాళ్ళ గైడు కామేశం గారు, "అవసరం లేని బేరంలో గుండె కొట్టుకోదమ్మా. నిజమైన బేరం ఎక్కడ జరుగుతుందో చూసుకో" అన్నాడట.

"నా చేతికి ఉంగరం పెడితే సంతలో వాళ్ళ నాడి తెలుస్తదా?" అడిగాను.

"నీ చెయ్యి ఇద్దరి చేతుల కిందా ఉంటది గదా. తెలుస్తది. పేర్లు రాయను. ఊళ్ళు రాయను. అంకెలే."

దళారికి ఒక కట్టడి ఉంది. చెయ్యి విన్నది నోరు అనకూడదు. నేను నోరు మెదపడం లేదు గదా అనుకున్నాను. పెట్టుకున్నాను.

ఆ చలికాలమంతా సంత జరిగిన ప్రతిరోజూ ఉంగరం నా వేలికుంది. నస్రీన్ అరుగు మీద ల్యాప్‌టాప్ ముందేసుకుని కూర్చునేది. గేదెల దుమ్ము ముక్కులోకి పోతున్నా లేచేది కాదు.

పేరమ్మ మాత్రం ఉంగరాన్ని పట్టేసింది. పేరమ్మది పక్కూరు. ఏడాదికో గేదెని మేపి, ఈనే ముందు సంతకి తోలుకొస్తుంది. దాని మీదే వాళ్ళిల్లు ఏడాది గడుస్తుంది. మా సంతలో తువ్వాలు కింద చెయ్యి పెట్టే ఆడమనిషి ఆమె ఒక్కతే.

"ఏంది సైదులన్నా, ముసలితనంలో ఉంగరం. రెండో పెళ్ళా?"

"మనవరాలిది."

"బిడ్డ ఉంగరం తాత పెట్టుకున్నాడా? బాగుంది ఇంట్లో యవ్వారం" అని, నస్రీన్ వైపు తిరిగి, "ఏం చదువు బిడ్డా అది, గేదెల సంతకాడ?" అన్నది.

"బేరాల మీద చదువు పిన్నీ."

"దానికి హైదరాబాదు దాకా ఎందుకు, నా దగ్గర కూకుంటే చెప్పేదాన్నిగా."

ఆ రోజు పేరమ్మ బేరం పొద్దెక్కేదాకా సాగింది. కొనేవాడు అంకారావు. డెయిరీలకి లారీలు నింపే మనిషి. మధ్యలో రెండుసార్లు చెయ్యి విదిలించుకుని పోయాడు. పేరమ్మ గేదె పలుపు విప్పుకుని ఇంటిదారి పట్టినట్టే నటించింది. టీలు తాగారు. ఒకరి మేనమామలని ఒకరు తిట్టుకున్నారు. ఆఖరికి తువ్వాలు తీశాను. పేరమ్మ తన అడుగుకి బాగా పైన అమ్ముకుంది. నాకు తెలుసు. ఉంగరానికీ తెలుసు.

*

వేసవిలో నన్ను హైదరాబాదు తీసుకుపోయింది. ల్యాబంటే సీసాలుంటాయనుకున్నాను. రెండు కుర్చీలు, మధ్యలో గుడ్డ కప్పిన పెట్టె, ఒక కంప్యూటరు. అంతే.

కామేశం గారు నెమ్మదైన మనిషి. నాకంటే చిన్నవాడే గానీ నడుం వంగింది. నా ఎదురుగా కూర్చుని, "సైదులు గారూ, మీ తువ్వాలు నాకమ్ముతారా?" అన్నాడు.

"ఇది అమ్మేది కాదండి."

"సరే, బేరమాడి చూద్దాం. మీరు అమ్మకపోతే నేను ఓడినట్టు."

వచ్చినప్పుడే నస్రీన్ తొడిగిన ఉంగరంతో పెట్టెలో చెయ్యి పెట్టాను. ఆయనా పెట్టాడు. కంప్యూటరు నస్రీన్ వైపు తిరిగి ఉంది. ఆయనకి వేలి భాష రాదు, నోటితోనే అడిగాడు. వందన్నాడు. తల అడ్డంగా ఊపాను. నూటయాభై. రెండొందలు. బజారులో కొత్తది అంతకి సగం కూడా ఉండదు. నేను ఊపుతూనే ఉన్నాను. మూడొందలన్నాడు. అప్పుడు మా మనవరాలికి ఒక మంచి చెప్పుల జత కొనొచ్చని ఎందుకో బుర్రలోకి వచ్చింది. దాని చెప్పులు అరిగిపోయి ఉన్నాయి, మెట్లెక్కేటప్పుడు చూశాను. మూడొందల నలభై అన్నాడు.

"తీసుకోండి" అన్నాను.

అన్నాక నేనే ఉలిక్కిపడ్డాను. నస్రీన్ కంప్యూటరు నా వైపు తిప్పింది. తెర మీద మూడొందల నలభై అని ఉంది.

"ఇది ఎప్పుడొచ్చింది?"

"నువ్వు అమ్మేది కాదన్నావే, అప్పుడొచ్చింది తాతా."

చూడటానికి చుట్టూ చేరిన కాలేజీ పిల్లలు చప్పట్లు కొట్టారు. తర్వాత ఎవరికివాళ్ళు చేతులు కిందికి దించుకున్నారు. ఒకబ్బాయి రెండు చేతులూ జేబుల్లో పెట్టుకున్నాడు.

కామేశం గారు నవ్వుతూ తువ్వాలు నాకిచ్చేయబోయాడు. "పరీక్ష కోసం గదండి."

"చెయ్యి తీశాక మాట తిరగదు" అన్నాను. డబ్బు తీసుకుని, తువ్వాలు అక్కడే వదిలేసి వచ్చాను. నస్రీన్‌కి చెప్పులు కొన్నాను. అది వద్దనలేదు, కృతజ్ఞతా చెప్పలేదు. బస్సెక్కేదాకా కొత్త చెప్పుల వైపే చూసుకుంటూ నడిచింది.

*

నస్రీన్ ఫీజు, హాస్టలు ఒక కంపెనీ కట్టేది. పరిశోధన చేసే పిల్లలకి అట్లా కడతారట. బదులుగా, కనిపెట్టింది వాడుకునే హక్కు వాళ్ళది. చేరినప్పుడే సంతకం పెట్టింది. అప్పటికి కనిపెట్టింది ఏమీ లేదు. లేనిదాని మీద సంతకం పెట్టడానికి ఎవరు ఆలోచిస్తారు?

వానలు పడ్డాక ఒక సంతకి అంకారావు కొత్త ఉంగరంతో వచ్చాడు. నల్లటిది, ఆ కంపెనీదే. నేను కొత్తగా కొన్న తువ్వాలు కింద చెయ్యి పెట్టాడు, ఒక్క క్షణం ఉంచాడు, రెండో చేతిలో ఫోను చూసుకున్నాడు. తర్వాత ఒకే ఒక మాట నొక్కాడు. అమ్మేవాడు కాస్త తటపటాయించి తనూ నొక్కాడు. అయిపోయింది. టీ లేదు, తిట్టు లేదు.

మొదట్లో అందరికీ నచ్చింది. పనులు తొందరగా అవుతున్నాయన్నారు. నాలుగు సంతలు గడిచేసరికి మొహాలు మారాయి. ప్రతివాడూ తన అడుగు దగ్గరే అమ్ముకుని పోతున్నాడు. పైన ఒక్క రూపాయి రావడం లేదు. మోసం లేదు. అబద్ధం లేదు. అడిగితే అందరూ ఒప్పుకునే అమ్మామంటారు, అది నిజమే. ఒకే ఈడు, ఒకే ఈత, ఒకే పాడి ఉన్న రెండు గేదెలు రెండు ధరలకి పోయాయి. ఇంట్లో జబ్బు మనిషి ఉన్నవాడి గేదె తక్కువకి పోయింది. కొనేవాళ్ళు గేదె పళ్ళు చూడటం మానేశారు. అమ్మేవాడి చెయ్యి దొరికితే చాలు.

ఫోనులో నస్రీన్‌కి చెప్పాను. అది లెక్క విడమరిచి చెప్పింది.

"అమ్మేవాడి అడుక్కీ కొనేవాడి పై ధరకీ మధ్య కొంత మిగులు ఉంటది తాతా. బేరమంటే దాన్ని పంచుకోవడమే. ఇప్పుడు మొత్తం ఒక పక్కకే పోతంది."

"మరి ఆపు."

"నేనెట్లా ఆపుతాను?" అన్నది.

దళారులమందరం కూర్చుని మాట్లాడుకున్నాం. ఒక ఉపాయం తోచింది. అడుగు ధర తెలిసినవాడు చెయ్యి పెడితే గదా ఉంగరం చదివేది. ఏమీ తెలియనివాణ్ణి పెడితే? తెలియనివాడి చెయ్యి ఏం చెబుతుంది? అందరికీ బాగుందనిపించింది. నాకూ అనిపించింది.

ముందు పేరమ్మ ఒప్పుకుంది. ఆ ఏటి గేదె మంచిది, రెండో ఈత, నిండు సూడి, నేడో రేపో ఈనేట్టుంది. ఆమె మరిది యోనా చెన్నైలో భవనాల పనికిపోయి అప్పుడే వచ్చాడు. గేదె ధరలు అతనికి తెలియవు. పేరమ్మ కావాలనే ఏమీ చెప్పలేదు.

"నీకు సరేననిపిస్తే నొక్కు. లేకపోతే లేదు. అంతే" అన్నది.

"నాకేమనిపిస్తది వదినా, నాకు గేదె ముందెటో వెనకెటో తెలీదు."

"అదే కావాల్సింది. నీ అంత తెలివితక్కువోడు దొరకాలంటే కష్టం."

నస్రీన్ కూడా ఆ రోజు వచ్చింది. దూరంగా నిలబడింది.

తువ్వాలు కప్పాను. అంకారావు చెయ్యి పెట్టాడు. ఫోను చూసి, కళ్ళు చిట్లించి మళ్ళీ చూశాడు. తర్వాత నొక్కాడు. ఆ నొక్కుడు నా చేతికి తెలిసింది. గేదె కాదు, దూడ కూడా రాని ధర అది. యోనా చెయ్యి వేడిగా ఉంది. ఎండలో నిలబడి ఉన్నాడు. జనం చూస్తున్నారు. ఇక అయిపోతే బాగుండునని ఆ చెయ్యి అంటున్నది. తను అడ్డుపడితే వదిన బేరం చెడుతుందేమోనని కూడా అంటున్నది.

యోనా నొక్కాడు.

దళారి నోరు విప్పకూడదు. ఇద్దరూ నొక్కాక తువ్వాలు ఆపకూడదు. తీశాను.

పేరమ్మ అడిగింది, యోనా చెప్పాడు. ఆమె అతన్ని ఒక్క మాట అనలేదు. గేదె మెడ మీద చెయ్యేసి కాసేపు నిలబడింది.

"తెలిసినోళ్ళం పోతే అడుక్కి కొన్నారు. తెలీనోణ్ణి పంపితే అడుగు కింద గుంట తవ్వి కొన్నారు. ఈసారి గేదెనే పంపుతా సైదులన్నా బేరానికి. దానికన్నా సిగ్గుంటదేమో" అన్నది. పలుపు అంకారావు మనిషి చేతిలో పెట్టి వెళ్ళిపోయింది.

నస్రీన్ నా పక్కకి వచ్చింది. "తెలియనోడికి కూడా అడుగు ఉంటది తాతా. తెలిసినోడి కంటే కిందగా ఉంటది. నాలుగో అధ్యాయంలో నేనే రాశా."

*

నస్రీన్ పోయి కామేశం గారి కాళ్ళావేళ్ళా పడింది. పరిశోధన వెనక్కి తీసుకుంటానన్నది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడట. "సమర్పించేశావు నస్రీన్. నువ్వు పట్టా వద్దన్నా సమీకరణం వాళ్ళ దగ్గర ఉంటుంది. నీ పట్టా పోతుంది, అంతే. ఇంకేమీ పోదు" అన్నాడట. ఆయన చెడ్డవాడు కాదు. ఆయన చేతిలోనూ ఏమీ లేదు.

అందుకని కంపెనీకే పోదామన్నది. నన్నూ రమ్మన్నది. బస్సులో చెప్పాను, "ఎక్కువ అడుగు. దిగడానికి చోటుండాలి. తొందరపడి సరే అనకు. అవతలోడు లేచిపోతే పోనీ, మళ్ళీ వస్తాడు."

"ఎక్కడా వాడొద్దంటాను తాతా. అమ్మేవాళ్ళ మీద ఏ ఊళ్ళోనూ వాడొద్దంటాను. కోర్టుకి పోతానంటాను. అంతకు తగ్గను."

కంపెనీలో ప్రణీత్ అనే కుర్రాడు కలిశాడు. చాలా మర్యాదస్తుడు. నన్ను "సైదులు గారూ" అని లేచి నిలబడి పిలిచాడు. మంచినీళ్ళు తెప్పించాడు. కుర్చీలు బాగున్నాయి, చేతులు ఆనించుకునే చోట మెత్తగా లేదు, వెండిలాంటి పట్టీ. చల్లగా ఉంది. అతని చేతికి ఉంగరం లేదు. అది చూసి నాకు ధైర్యం వచ్చింది.

నస్రీన్ బాగా మాట్లాడింది. పేరమ్మ గేదె సంగతి చెప్పింది. మిగులు సంగతి చెప్పింది. కోర్టు మాట కూడా అన్నది. అతను అంతా విన్నాడు, మధ్యలో బల్ల మీది తెర వైపు ఒకసారి చూశాడు.

"గుండ్లవాగు సంతలో ఆపేస్తామండి. వచ్చే వారం నించే. అక్కడ మా ఉంగరం పనిచేయకుండా చేస్తాం. తాతగారి సంత కదా" అన్నాడు.

నస్రీన్ ఊపిరి వదిలింది. "సరే" అన్నది.

అంతే. లేచాం. అతను లిఫ్టు దాకా వచ్చి సాగనంపాడు. కింద వీధిలో నాలుగడుగులు వేశాక నస్రీన్ ఆగిపోయింది. తన అరచేతులు తిప్పి చూసుకుంది.

"కుర్చీ చేతులు చల్లగా ఉన్నాయి గదా తాతా."

"ఉన్నాయి."

"ఉంగరమే కానక్కర్లేదు. చర్మం తగిలే లోహం ఏదైనా చాలు. అది కూడా నేనే రాశా." మళ్ళీ నడుస్తూ, "నేనెక్కడ దిగిపోతానో ఆయనకి తెలుసు. నువ్వు తెల్లారి సంతకి పోవడం మానేయకుండా ఉంటే చాలనుకున్నా లోపల. అదే ఇచ్చాడు. అంతకు మించి ఇవ్వలేదు" అన్నది.

నేను బస్సులో చెప్పిన నీతులన్నీ గుర్తొచ్చాయి.

*

చెప్పినట్టే చేశారు. మా సంతలో ఉంగరాలు పనిచేయలేదు. మొదటి వారం పాతరోజుల్లాగా కేకలు వినిపించాయి. రెండో వారం అంకారావు లారీ ఆగలేదు. దారిలో కనబడితే అడిగాను.

"ఎర్రపాలెం సంతకి పోతన్నా మావా. అక్కడ పనిచేస్తంది. కళ్ళుండి గుడ్డి బేరం ఎవరు చేస్తారు చెప్పు. పైగా ఇప్పుడు ఉంగరం కూడా అక్కర్లేదు, అమ్మేవాడు ఫోను చేత్తో పట్టుకునుంటే చాలు, ఎవరి ఫోనైనా సరే. కంపెనీ వాళ్ళకి తెలిసిపోద్ది, వాళ్ళు మాకు చెప్తారు."

కొనేవాళ్ళందరూ ఎర్రపాలెం పోయారు. అమ్మేవాళ్ళు గేదెలని కట్టి నిలబడి, పొద్దుగూకాక తోలుకుపోయారు. తర్వాత వాళ్ళూ ఎర్రపాలెం బండ్లెక్కారు. సూడి గేదెలని అంత దూరం లారీలో తీసుకుపోతే ఏమవుతుందో గొడ్లు కాచినవాళ్ళకి చెప్పక్కర్లేదు. యోనా కాయితం మీద గీతలు గీసి లెక్కపెట్టినట్టు చెప్పాడు, ఎవరి గేదె దారిలో పడిపోయిందో, ఎవరిది నెలలు నిండకుండానే దూడనేసిందో. వాళ్ళ వదిన ఈసారి కొన్న పడ్డ, తొలి సూడి గేదె, అది కూడా ఆ లెక్కలో ఉంది.

నస్రీన్‌కి పట్టా వచ్చింది. ఆ యేటి అందరిలోకీ మంచి పరిశోధన అని మెడల్ వేశారు. అది ఇంటికొచ్చి మెడల్ ఎక్కడో పెట్టేసింది. మళ్ళీ నేను వెతకలేదు.

అప్పుడే ఒక పొద్దున పేరమ్మ వచ్చింది. వెనక ఇంకో ఏడెనిమిది మంది. అందరూ వసారాలో నిలబడ్డారు. కూర్చోమంటే పేరమ్మ ఒక్కతే కూర్చుంది.

"బిడ్డా, నిన్నొకటి అడగడానికి వచ్చాం. తిట్టడానికి గాదు, భయపడబాక."

"చెప్పు పిన్నీ."

"ఆ ఉంగరాన్ని మన సంతకి మళ్ళీ రానియ్యి."

నస్రీన్ ఆమె మొహం వైపే చూసింది.

"దాన్ని ఆపించింది మీ కోసమే పిన్నీ."

"తెలుసమ్మా. నీ మంచితనం తెలుసు. అడుక్కి అమ్ముకుంటే అడుగన్నా వచ్చేది. ఇప్పుడు దారి ఖర్చు పోను అది కూడా రావట్లా. ఏదో ఒకటి. ఇక్కడే ముంచుకోనీ, దగ్గర్లో మునుగుతాం."

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. నస్రీన్ నా వైపు చూసింది. పేరమ్మ అన్నది నిజం. నస్రీన్ చేసింది కూడా తప్పు కాదు. నా దగ్గర తువ్వాలు ఒక్కటే ఉంది, దాని కింద ఇప్పుడు దాచడానికేమీ లేదు.

నస్రీన్ ఫోను తీసింది. ప్రణీత్ నంబరు కలిపింది. అందరూ వింటారని లేచి చింతకట్టెల పక్కకి పోయి నిలబడింది. ఫోనుని రెండు చేతులతో పట్టుకుంది. చాలాసేపు మాట్లాడుతుందనుకున్నాను. బతిమాలుతుందనుకున్నాను. నాలుగు మాటలన్నది, విన్నది, చెవి దగ్గర నించి తీసేసింది.

పేరమ్మ వాళ్ళు నన్ను చూశారు. నేను దగ్గరికెళ్ళాను.

"ఏమన్నాడు?"

"సరేనన్నాడు. ఈ వారం నించే పనిచేస్తదంట."

"ఊరికే ఎందుకంటాడు. బదులేం అడిగాడు?"

"ఏమీ అడగలేదు తాతా. నువ్వడిగినట్టే, ఏం కావాలని నేనూ అడిగా. ఇప్పుడేం చెప్పక్కర్లేదు, టైమొచ్చినప్పుడు మాట్లాడుకుందాం అన్నాడు."

"అట్లా ఎట్లా కుదురుద్ది? నువ్వేం ఇస్తావో చెప్పకుండా?"

వసారాలో పేరమ్మ లేచి నిలబడి, చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ మా వైపే చూస్తున్నది. నస్రీన్ ఆమెకి తల ఊపింది, పనయిందన్నట్టు. ఆమె దణ్ణం పెట్టింది. మిగతావాళ్ళు కూడా పెట్టారు.

"నేనేమిస్తానో నాకింకా తెలీదు తాతా" అన్నది నస్రీన్, చేతిలోని ఫోను వైపు చూస్తూ. "ఆయనకి తెలుసు."